రంగు పథ్యం

మొన్న మా మనవరాలు శ్రావ్య దిల్‌సుఖ్‌నగర్ నుంచి వస్తూ మెహందీ కోన్లు కొనుక్కొచ్చి నా మంచం మీద పరిచింది. దాని దోస్తు వాళ్ళ అక్క పెళ్ళి. ఎల్బీనగర్‌లో ఫంక్షన్ హాలు, పెళ్ళికి ముందు మెహందీ పండుగ. "నానమ్మా, రెండు చేతులకు మోచేతుల దాక పెట్టించుకుంట. వేళ్ళ కొసలు మొత్తం నల్లగ నిండాలె, గదే ఇప్పుడు నడుస్తున్నది" అంది. నేను ఒక కోను తీసి వాసన చూశాను. గోరింటాకు వాసన కాదది. ఏదో మందు వాసన, ముక్కుకు కొంచెం ఘాటు. కళ్ళు మూసుకుంటే మా పాత ఇంటి రంగు గంగాళం ముందు కూర్చున్నట్టే ఉంది.

"ఎప్పుడే మెహందీ?" అనడిగాను.

"బుధవారం."

"గురువారం ఓట్లు గద. వేళ్ళన్నీ నల్లగ చేసుకుంటే ఓటు సుక్క యాడ పెడతరు?"

అది పకపకా నవ్వింది. "ఓటా? గా లైన్ల ఎవరు నిలబడతరు నానమ్మా? సెలవిచ్చిన్రు, మంచిగ నిద్రపోత. నా ఒక్కదాని ఓటుతోని ఏమైతది?"

దానికి ఓటు వచ్చాక ఇవి మొదటి ఎన్నికలు. నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఎందుకంటే రంగుకూ ఓటుకూ మా ఇంట్లో పాత తగువు ఉంది. "ఎందుకు నవ్వుతున్నవు, చెప్పు" అని అది కోన్లు పక్కకు జరిపి కూర్చుంది. ఆ రోజు దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. నోటితో చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. రాయడం ఈ మధ్యనే వచ్చింది, అందుకని కొంచెం నిదానంగా నడుస్తుంది.

పోచంపల్లి దిక్కు నేతగాళ్ళ ఊరు మాది. మా వాడకట్టులో పొద్దున లేస్తే ముందు తగిలేది గంజి వాసన, దాని వెనక ఆముదం, ఆ వెనక పొయ్యి మీద మరిగే రంగు. ఎవరింట్లో ఏ రంగు కాగుతోందో కళ్ళు మూసుకుని చెప్పేవాళ్ళం. మా తాత గుంట మగ్గంలో కాళ్ళు పెట్టే ముందు గోడ వైపు ఒకసారి చూసి తల వంచేవాడు. అక్కడ దేవుడి పటం లేదు. నూలు షావుకారు ఇచ్చిన పాత క్యాలెండరు ఉండేది. తేదీల కాగితాలు ఎప్పుడో చినిగిపోయాయి, పైన బొమ్మ మాత్రం మిగిలింది. దేశానికి స్వతంత్రం తెచ్చిన పెద్దలు, రాజ్యాంగం రాసిన పెద్దలు వరసగా నిలబడిన బొమ్మ అది. మా ఇంట్లో ఎవరికీ అక్షరం ముక్క రాదు కాబట్టి కింద రాసిన పేర్లతో మాకు పని లేదు. వాళ్ళు కట్టిన గుడ్డను బట్టి మేం గుర్తుపట్టేవాళ్ళం. ధోతి తాత, కోటు పెద్దాయన, గులాబి పువ్వాయన. మా తాతకు మనుషులను చూసినా ముందు గుడ్డే కనిపించేది. "ధోతి చేతి నూలు, పోగు జర లావున్నది గని నేత గట్టిది" అనేవాడు. "కోటు మిల్లు గుడ్డ. పోనీ తీ, ఆయన రాసిన రాత మాత్రం మన నేత కన్నా గట్టిది" అనేవాడు. గులాబి పువ్వాయన కోటు కుట్టిన దర్జీ ఎవరోనని చచ్చేదాకా ఆలోచించాడు.

తాత నిజాం జమానా చూసినవాడు. అప్పుడు పైనుంచి హుకుం వచ్చేది, కింద తల ఊపడమే. ఓట్ల మాట వచ్చినప్పుడల్లా ఒకటే చెప్పేవాడు. "మా నాయన బతికినన్ని దినాలు గాయనని ఎవ్వడు ఏమీ అడగలే. మనని అడుగుతున్నరు. అడిగినప్పుడు జవాబు చెప్పకుంట ఇంట్ల పండుకుంటే మర్యాదేనా?" ఊళ్ళో ఏదో సభలో విన్నాడట, చదువు రానివాళ్ళకు ఓటెందుకని కొందరన్నారట, గోడ మీది పెద్దలు మాత్రం అందరికీ ఉండాల్సిందేనన్నారట. ఆ ముచ్చట చెప్పేటప్పుడు తాత మగ్గం ఆపేవాడు. అన్నం పిలుపుకు కూడా ఆగని మగ్గం అది. "మన మొఖం సూడలే, మన ఊరు పేరు ఎరుకలే. అయినా మన మీద నమ్మకం పెట్టిన్రు. నమ్మినోళ్ళని నవ్వులపాలు చెయ్యొద్దు" అనేవాడు.

ఈ మాటలు అందరికన్నా ఎక్కువ చెవికెక్కించుకున్నది మా అవ్వ. అవ్వ అంటే మా అమ్మే, యాదమ్మ. నా చిన్నతనంలో ఒకసారి ఓట్లొస్తే అవ్వ నా తమ్ముణ్ణి కని పురిట్లో ఉంది. బాలింత గడప దాటొద్దని పెద్దవాళ్ళు ఆపేశారు. మా మేనత్త వేసొచ్చి, ఏ గుర్తుకు వేశావని తాత అడిగితే, "గన్ని బొమ్మలల్ల గా ఒక్కటే డిజైన్ మంచిగున్నది, దానికేసిన" అని చెప్పింది. తాత ఆ పూట అన్నం ముట్టలేదు. అవ్వ మాత్రం లోపల పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చిందట. డిజైన్ చూసి వేసినదానికి ఓటు దొరికింది, నిలబడ్డవాళ్ళ మంచీచెడ్డా విని వేద్దామనుకున్న తనకు దొరకలేదని. మళ్ళీ ఓట్లు వచ్చేదాకా ఆ మాట మనసులోనే పెట్టుకుంది.

మళ్ళీ వచ్చాయి. నాకప్పుడు ఊహ బాగా తెలుసు. అవ్వ పెట్టెలోంచి పెళ్ళినాటి చీర తీసి ఎండకు వేసింది. అయితే అదే వారం షావుకారు చీరలకు నూలు పంపించాడు, నీలం మీద నలుపు. మా నేతలో బొమ్మ మగ్గం మీద పుట్టదు, నూలులోనే పుడుతుంది. రంగు అంటకూడని చోట పాత సైకిలు ట్యూబు ముక్కలతో గట్టిగా ముడులు కట్టి, నూలును రంగులో ముంచి పిండుతారు. పిండేది చేతులతోనే. అప్పట్లో తొడుగులు ఎక్కడివి? ముంచీ పిండీ మా వాడకట్టు ఆడవాళ్ళ చేతులు మణికట్టు దాకా, గోళ్ళతో సహా, గంగాళం రంగులోనే ఉండేవి. నాకు అవ్వ నీలం చేతి ముద్దలు తిన్న గుర్తు ఉంది, ఆకుపచ్చ చేతి ముద్దలు తిన్న గుర్తు ఉంది. ఓట్ల నాటికి ఆమె చేతులు బొగ్గు పట్టుకున్నట్టు నల్లగా ఉన్నాయి. అది ఎవరికీ వింతగా తోచలేదు.

బడిలో ఓట్లు. అవ్వ పెళ్ళిచీర కట్టుకుని, పసుపు రాసుకుని, నన్ను వెంటబెట్టుకుని లైనులో నిలబడింది. వాడకట్టు ఆడవాళ్ళంతా వెనకే ఉన్నారు. పిల్లలను లోపలికి రానివ్వకపోతే నేను కిటికీ చువ్వలు పట్టుకుని చూశాను. బల్ల దగ్గర పట్నం నుంచి వచ్చిన కళ్ళద్దాల సారు. చుక్క పెట్టడానికి అవ్వ వేలు పట్టుకుని ఆగిపోయాడు.

"ఏమమ్మా, ఒకసారి వేసి మళ్ళీ వచ్చావా?"

"లేదు సారూ, ఇదే మొదలు."

"వేలి నిండా సిరా ఉంది కదా!"

"గది సిరా గాదు, రంగు. గీ పక్క వేలు సూడుండి, గది సుత గట్లనే ఉన్నది." అవ్వ రెండు చేతులూ బల్ల మీద పరిచింది. "ఒక్క ఓటుకు ఒక్క వేలు నల్లగైతదంట గద. మరి నేను పది ఓట్లేసిన్నా?"

లైనంతా గొల్లున నవ్వింది. సారుకూ నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు. "నువ్వు చెప్పేది నిజమేనమ్మా. కానీ దీని మీద చుక్క పెడితే కనిపించదు. సాయంత్రం మళ్ళీ వచ్చి ఇదే మాట చెబితే నిన్ను నేనెట్లా ఆపాలి? చేతులు కడుక్కొని రా. అయిదింటికి తలుపులు మూసేస్తాం." తప్పు మాటేమీ కాదు. అవ్వ వెనక నిలబడ్డ ఆడవాళ్ళు ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. ఆ లైనులో తెల్లటి వేలు ఒక్కటీ లేదు.

వాడకట్టు వాడకట్టంతా బావి గట్టు మీదకు చేరింది. చింతపండు తెచ్చింది ఒకామె, బూడిద ఒకామె, ఇసుక, సున్నం, కుంకుళ్ళు, ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చారు. నేను చేద తోడి పోస్తూనే ఉన్నాను. నురగ నల్లగా పారుతోంది కానీ వేళ్ళు మాత్రం అట్లాగే ఉన్నాయి. మేనత్త రాయికేసి రుద్దుతూ, "కడిగితే పోయే రంగైతే నా మొగుడు ఎన్నడో తెల్లగయ్యెటోడు" అని ఒకటే నవ్వించింది. తాత గట్టు మీద కూర్చుని అయోమయంగా చూస్తున్నాడు. "ఎన్నిసార్లు ఉతికినా పోని రంగని చెప్పి అమ్ముకుంటున్నం. ఇప్పుడు పొమ్మంటే ఎట్ల పోతది? పోయిందనుకో, మన పేరు సుత దాంతోనే పోతది" అన్నాడు. ఆయన మాటలో బాధ ఎంతో గర్వం ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు.

నవ్వనిది అవ్వ ఒక్కతే. చేతులు రుద్దీ రుద్దీ ఎర్రబడ్డాయి, నలుపు కింద ఎరుపు. "పోయినసారి బాలింతవని పోనియ్యలే. గీసారి రంగని పోనియ్యరు. గింకెప్పుడు అడుగుతరు నన్ను?" అంది. ఆ మాట నాకు అర్థమయ్యీ కాలేదు. నీడలు బావి గట్టు దాటి సాగుతున్నాయని, అయిదు అవుతోందని మాత్రం అర్థమైంది.

అవ్వ ఇంకొంచెం పైకి రుద్దుదామని గాజులు మోచేతి వైపు నెట్టింది. గాజుల కింద రంగు అంటని తోలు బయటపడింది. మణికట్టు దాటి పైన, గోధుమ పిండి రంగులో, శుభ్రంగా ఉంది. అవ్వ రుద్దడం ఆపేసింది. చాలాసేపు ఆ చోటునే చూసింది. అప్పుడు లేచి నిలబడి, "నల్ల నూలు మీద నల్ల సుక్క పెడతనంటడేంది గా సారు? తెల్ల నూలు మన తాననే ఉన్నది. సూపెడదాం నడువుండి" అంది.

గాజులు పైకి నెట్టుకుని బడికి నడిచింది. వెనకాల వాడకట్టు ఆడవాళ్ళంతా గాజులు పైకి నెట్టుకుని, తడి చేతులు గాల్లోకి ఎత్తి, ఏదో జాతరకు పోతున్నట్టు నడిచారు. సారు ముందు అవ్వ ముంజేయి చాపింది. "గిక్కడ పెట్టుండి సారూ. గిక్కడైతే కనబడుతది." సారు పక్కనున్న సారును అడిగాడు. ఆయన ఏదో పుస్తకం తిరగేశాడు. చివరికి కళ్ళద్దాల సారు నవ్వాడు. "వేళ్ళు లేనివాళ్ళకు చేతికి పెట్టొచ్చని ఉందమ్మా. మీకు వేళ్ళుండీ లేనట్టే" అని సిరా పుల్ల ముంచి, ముంజేతి మీద గీత గీశాడు. ఆ తర్వాత వేలిముద్ర కోసం సిరా దిమ్మె ముందుకు జరిపితే, అవ్వ తన బొటనవేలు చూసుకుని అప్పుడు నవ్వింది. ఉన్న నలుపు చాలదా అని. ఓటు వేసే తడక వెనకకు పోయింది. కిటికీ దగ్గర నుంచి నాకు ఆమె పాదాలు మాత్రం కనిపించాయి. చాలాసేపు కదల్లేదు. బయటికి వచ్చినప్పుడు ఆమె మొహం ఎట్లా ఉందంటే, మగ్గం మీద నుంచి మొదటి చీర కోసి చేతిలోకి తీసుకున్న పిల్ల మొహంలా ఉంది.

ఆ గీత పోయేదాకా అవ్వ గాజులు పైకి నెట్టుకునే తిరిగింది. నీళ్ళకు పోయినా, సంతకు పోయినా అంతే. పచ్చబొట్టు చూపించుకున్నట్టు చూపించుకుంది.

అప్పుడే తాత ఒక కట్టుబాటు పెట్టాడు. ఓట్లు వస్తున్నాయంటే పది రోజుల ముందుగానే వాడకట్టులో రంగు ఆపాలి. గంగాళాలు బోర్లించాలి. చేతులు తెల్లబడాలి. బాలింతకు పథ్యం ఉన్నట్టు ఓటుకు కూడా పథ్యం ఉండాలన్నాడు. మేనత్త దానికి రంగు పథ్యం అని పేరు పెట్టింది. షావుకారు గొణిగాడు, మగవాళ్ళు కొందరు గొణిగారు, పని ఆగితే పొయ్యి ఎట్లా అని. ఆడవాళ్ళు వినలేదు. రంగు పని ముందే ముగించి, ఆ పది రోజులూ నూలు కండెలు చుట్టడం, ముడులు కట్టడం పెట్టుకున్నారు. పిల్లలకు అది పండుగకన్నా ఎక్కువ. మెల్లమెల్లగా అవ్వ చేతుల అసలు రంగు బయటికి వచ్చేది. ఆ చేతులతో నా తెల్ల రిబ్బను మరక పడకుండా కట్టేది. మల్లెపూలు మాల కట్టేది. తమ్ముడి తెల్ల అంగీ భయం లేకుండా తొడిగేది. మాకు క్యాలెండరుతో పని లేదు, అవ్వ చేతులు తెల్లబడితే ఓట్లు వచ్చినట్టే.

పెళ్ళయ్యాక నేను మా ఆయన వెంట పట్నం వచ్చాను. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టాడు, ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. అల్మాస్‌గూడలో జాగ కొన్ననాడు చుట్టూ జొన్నచేలు, ఇప్పుడు కాలనీ పక్కన కాలనీ. రంగు ముట్టి ఎన్నో ఏళ్ళయింది, నా చేతులకు ఇక పథ్యం అవసరం లేదు. కానీ ఓట్ల నాడు బల్ల దగ్గర నిలబడితే అవ్వలాగే వేలిముద్ర వేసేదాన్ని. మా ఎదురింటి విజయలక్ష్మి టీచరుకు అది నచ్చలేదు. తెనాలి వైపు మనిషి, రిటైరై వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకుంది. "ఏంటి వదినగారూ, ఇంత మాటకారి అయ్యుండి వేలిముద్ర ఏంటండీ? మధ్యాహ్నం పూట మీరు నిద్రపోతారు, నేను టీవీ చూస్తాను, రెండూ దండగే. పలక తెచ్చుకోండి" అంది. తెచ్చుకున్నాను. "క"కు తలకట్టు పెట్టడం నేర్చుకునేసరికి నా తల తిరిగింది. "టీచరమ్మా, మగ్గం మీద నెమలిని తెప్పియ్యమను తెప్పిస్త, గీ ళ మాత్రం నాతోని గాదు" అంటే, "నెమలి కంటే ళ తేలికండీ, దానికి కాళ్ళు లేవుగా" అనేది. కూడబలుక్కుని మెట్రో స్టేషన్ల పేర్లు చదివాను. శ్రావ్య పాత బడి పుస్తకం మొదటి పేజీలో రాజ్యాంగం పీఠిక ఉంటే అదీ చదివాను. చాలా రోజులు పట్టింది. మేము అని రాసుకున్నారు వాళ్ళు. ఆ మేములో మా అవ్వ నల్ల చేతులు కూడా ఉన్నాయని తెలిసినప్పుడు పుస్తకం మూసి కొంగుతో తుడిచి పెట్టాను.

అప్పటివాళ్ళు గొప్పవాళ్ళు, ఇప్పటి పిల్లలు పనికిరారు అని నేను అనను. అట్లా అంటే డిజైన్ చూసి ఓటేసిన మా మేనత్తను ఎక్కడ పెట్టాలి? మా వాడకట్టులో చెప్పినవాడి మాట విని వేసినవాళ్ళు ఉన్నారు. శ్రావ్యకు లోకం నాకన్నా ఎక్కువ తెలుసు. కాలనీలో చెత్త బండి రాకపోతే ఫోనులో ఫిర్యాదు పెట్టి రప్పించేది అదే. తేడా ఒక్కటే కనిపిస్తుంది నాకు. తనను ఎవరూ అడగని రోజును మా తాత చూశాడు. ఈ పిల్ల చూడలేదు. చూడకపోవడం దాని అదృష్టం, అట్లాగే ఉండాలి కూడా. అయితే అడగని రోజు ఎట్లా ఉంటుందో ఎవరో ఒకరు చెప్పాలి కదా.

కథంతా విని శ్రావ్య కోన్లు సంచిలో వేసుకుంది. "నువ్వు సుత భలే నానమ్మా, గింత కత చెప్పి నా మెహందీ ఖరాబు చేసినవు" అని లేచి పోయింది. బుధవారం సాయంత్రం మెహందీ నుంచి వచ్చి, రెండు చేతులూ ముందుకు చాపి గుమ్మంలో నిలబడింది. మోచేతుల దాకా తీగలు, నెమళ్ళు, వేళ్ళ కొసలన్నీ నల్లగా నిండి ఉన్నాయి. ఎడమ చూపుడు వేలు మాత్రం మొదలు నుంచి గోటి దాకా ఉత్తగా వదిలేసి ఉంది.

"గా మెహందీ పెట్టే ఆమె పరేషానైంది" అంది. "గీ వేలు మరిచిపోయిన్నా అని మూడు మాట్లు అడిగింది. పథ్యం అని చెప్పిన."

గురువారం పొద్దున మేమిద్దరం బడికి నడిచాం. టీచరమ్మ దారిలో కలిసింది. నా వంతు వచ్చింది. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి నా వేలికి సిరా రాసి, నా నెత్తిన నెరిసిన జుట్టు చూసి, అలవాటుగా సిరా దిమ్మె ముందుకు జరిపింది. "పెన్ను ఇయ్యి బిడ్డా" అన్నాను. నా పేరు, అండాలు అని, రాయడానికి ఎంత సేపు పట్టిందో తెలియదు కానీ వెనకనుంచి ఎవరో, "అమ్మా, జర జల్దీ" అన్నారు. నా వెనకే ఉన్న శ్రావ్య మెహందీ చెయ్యి అడ్డం పెట్టి, "ఆగుండి అంకుల్, మా నానమ్మ సంతకం చేస్తున్నది" అంది.

రాయడం అయ్యాక అదొకసారి వంగి చూసింది. "మంచిగొచ్చింది నానమ్మా" అంది. నేను పెన్ను దాని చేతికిచ్చి తడక వెనకకు నడిచాను.